చికున్‌గున్యా పోయినా వదలని కీళ్ల నొప్పులు: ఏ వైద్యం ఎవరికి సరిపోతుంది?

చికున్‌గున్యా జ్వరం మూడు రోజులో వారమో ఉండి దిగిపోతుంది. దద్దుర్లూ పోతాయి. కీళ్ల నొప్పులు మాత్రం ఉండిపోతాయి. పొద్దున్నే పాదం నేల మీద మోపాలంటే గోడ పట్టుకోవాలి. జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి కూతురిని పిలవాలి. తడి బట్ట పిండబోతే మణికట్టు సహకరించదు.

ఎక్కువ మందికి ఇది కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అయితే మూడు నెలలు దాటినా నొప్పులు తగ్గనివారు తక్కువేమీ కాదు. వేర్వేరు అధ్యయనాల్లో వీరి సంఖ్య సుమారు పావు వంతు నుంచి సగం దాకా తేలింది. నలభై అయిదు దాటినవారికి, ఆడవాళ్లకు, ముందే కీళ్ల జబ్బు ఉన్నవారికి, జ్వరం తీవ్రంగా వచ్చినవారికి ఈ ముప్పు ఎక్కువ. తెలుగు నేలకు ఈ జబ్బు కొత్తదీ కాదు. 1960ల మధ్యలోనే విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడల్లో వచ్చింది. తర్వాత దశాబ్దాల పాటు కనబడకుండా పోయి, 2005 చివర్లో తిరిగొచ్చింది. 2006లో దేశం మొత్తం మీద దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. ఇళ్లకు ఇళ్లే మంచం పట్టిన ఆ ఏడాది మన పల్లెల్లో చాలామందికి ఇప్పటికీ గుర్తే.

ఇంత అనుభవం ఉన్నా నొప్పులతో మిగిలిపోయినవారికి అందే సలహాలకు మాత్రం పొంతన ఉండదు. ఒకరు సూది వేయించుకోమంటారు, ఒకరు వావిలాకు కాపడం చాలంటారు, మరొకరు హైదరాబాద్ వెళ్లి పెద్ద డాక్టరుకు చూపించమంటారు. నా మాట ఒక్కటే: మందు ఎంత గట్టిదో చూసి ఎంచుకోకండి. నొప్పి మొదలై ఎన్నాళ్లయింది, కీలు వాచిందా లేదా, ఒంట్లో ఇంకేం జబ్బులున్నాయి, ఈ మూడూ చూసి ఎంచుకోండి.

ముందు తేల్చుకోవాల్సిన మూడు విషయాలు

ఎన్నాళ్లయింది? మొదటి మూడు వారాలను వైద్యులు ఒక దశగా చూస్తారు. అక్కడి నుంచి మూడు నెలల వరకు రెండో దశ. మూడు నెలలు దాటితే దీర్ఘకాలిక దశ. మొదటి రెండు దశల్లో ఓపిక పట్టడమే చాలామందికి మంచి వైద్యం, ఎందుకంటే శరీరం తనంతట తానే కోలుకుంటూ ఉంటుంది. మూడో దశలోకి వచ్చాక, అందులోనూ వాపు ఉంటే, ఇక ఎదురుచూడటం తగదు.

వాపు ఉందా? అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. దీన్ని చాలావరకు ఇంట్లోనే కనిపెట్టవచ్చు. పొద్దున లేవగానే రెండు చేతులూ వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడండి. పిడికిలి బిగిస్తే కణుపుల మధ్య ఉండే పల్లాలు కనబడుతున్నాయా, పూడిపోయాయా? రోజూ పెట్టుకునే ఉంగరం వేలికి ఎక్కుతోందా? కణుపును రెండు వేళ్లతో నొక్కితే మెత్తగా ఉబ్బినట్టు ఉందా, గట్టిగా ఎముక తగులుతోందా? వేళ్ల కొసలు అరచేతిని తాకుతున్నాయా? తర్వాత గడియారం చూసుకోండి. లేచినప్పటి నుంచి కీళ్లు సడలేదాకా ఎంతసేపు పట్టింది?

కణుపులు మెత్తగా ఉబ్బి, బిగుతు వదలడానికి అరగంట, గంట పైన పడుతుంటే కీలు లోపల వాపు ఇంకా ఉన్నట్టే. అలాకాక పది నిమిషాల్లో సడలిపోయి, సాయంత్రానికో పని ఎక్కువైనప్పుడో నొప్పి పెరుగుతుంటే అది వేరే రకం. ముందే ఉన్న మోకాలి అరుగుదల ఇప్పుడు బయటపడి ఉండవచ్చు, లేదా నెలల తరబడి నొప్పి భరించిన నరాలు చిన్న ఒత్తిడికి కూడా అతిగా స్పందిస్తూ ఉండవచ్చు. మొదటి రకానికి వాపును అణిచే మందు కావాలి. రెండో రకానికి ఆ మందులు ఎన్నాళ్లు వాడినా నొప్పి తగ్గదు, వాటి దుష్ఫలితాలు మాత్రం మిగులుతాయి. రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి నిద్ర లేపుతుంటే అది మణికట్టు దగ్గర నరం నలగడం. చికున్‌గున్యా తర్వాత ఇది తరచుగా కనిపిస్తుంది. రాత్రి మణికట్టుకు పట్టీ కట్టుకుని పడుకుంటే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది.

ఒంట్లో ఇంకేం ఉన్నాయి? షుగరు, బీపీ, గుండె జబ్బు, కిడ్నీ సమస్య, కడుపులో పుండు, కాలేయ జబ్బు, మద్యం అలవాటు, గర్భం. కింద చెప్పబోయే ప్రతి మందుకూ వీటిలో దేనితోనో పొసగదు.

ఒక్క చూపులో

| మార్గం | ఎవరికి నప్పుతుంది | ఫలితం తెలిసే సమయం | ముఖ్యమైన జాగ్రత్త |
|---|---|---|---|
| పారాసిటమాల్ | మొదటి దశలో అందరికీ, తేలికపాటి నొప్పికి | గంటల్లో | కాలేయ జబ్బు, మద్యం |
| వాపు తగ్గించే నొప్పి మాత్రలు | మూడు వారాలు దాటాక వాపు, నొప్పి ఉన్నవారికి | రోజుల్లో | కిడ్నీ, గుండె, కడుపు పుండు |
| స్టెరాయిడ్ మాత్రలు | తీవ్రమైన వాపుకు, కొద్ది రోజులే | ఒకటి రెండు రోజుల్లో | షుగరు, బీపీ, ఎముకలు, ఆపగానే నొప్పి తిరగబెట్టడం |
| హైడ్రాక్సీక్లోరోక్విన్ | మూడు నెలలు దాటిన తేలికపాటి వాపుకు | రెండు మూడు నెలల్లో | కళ్లు |
| మెథోట్రెక్సేట్ | మూడు నెలలు దాటినా తగ్గని వాపుకు | ఆరు నుంచి పన్నెండు వారాల్లో | గర్భం, కాలేయం, కిడ్నీ, రక్తకణాలు |
| వ్యాయామం, ఫిజియోథెరపీ | దాదాపు అందరికీ, వాపు లేని నొప్పికి మరీ ముఖ్యం | కొన్ని వారాల్లో | వాపు తీవ్రంగా ఉన్నప్పుడు అతి చేయకూడదు |

పారాసిటమాల్

జ్వరం ఉన్న రోజుల్లో మొదటి ఎంపిక ఇదే. చికున్‌గున్యాను, డెంగీని మోసుకొచ్చేది ఒకే జాతి దోమ. డెంగీ కాదని తేలేదాకా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ జోలికి పోకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. నెలల తరబడి మిగిలిన వాపు నొప్పికి పారాసిటమాల్ బలం చాలదు, కానీ కిడ్నీ జబ్బు ఉన్నవారికి, పెద్ద వయసువారికి ఇప్పటికీ ఇదే భద్రమైనది. రోజుల తరబడి వాడేవారు రోజుకు మూడు గ్రాములు మించకుండా చూసుకోవాలి. జలుబు మాత్రల్లోనూ ఇదే మందు కలిసి ఉంటుంది కాబట్టి దాన్నీ లెక్కలో వేసుకోవాలి.

వాపు తగ్గించే నొప్పి మాత్రలు

ఐబుప్రోఫెన్, న్యాప్రోక్సెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ అన్నీ ఈ కోవలోవే. మూడు వారాల నుంచి మూడు నెలల మధ్య ఉన్నవారికి, కిడ్నీ, గుండె, కడుపు బాగుంటే, వీటితోనే చాలావరకు గడుస్తుంది. వాటిలో ఏదో ఒకటే వాడాలి. నొప్పి ఉన్నంతవరకే, డాక్టరు చెప్పిన మోతాదులోనే, భోజనం చేశాక వేసుకోవాలి. రెండు రకాలు కలిపితే ఉపశమనం రెట్టింపు కాదు, ప్రమాదమే పెరుగుతుంది. ఇది మన ఇళ్లలో తెలియకుండానే జరిగిపోతుంది: పిల్లలు అమెరికా నుంచి తెచ్చిన అలీవ్ డబ్బాలో ఉండేది న్యాప్రోక్సెన్, మందుల దుకాణంలో ఇచ్చినది డైక్లోఫెనాక్. అమ్మ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటుంది. వాటితో పాటు గ్యాస్ మాత్ర వేసుకున్నా కాపాడుకునేది కడుపునే, కిడ్నీని కాదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం వారికి ఈ మాట మరింత గట్టిగా చెప్పాలి. కారణం స్పష్టంగా తేలని కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి పీడిస్తున్న ఊళ్లవి. ఎండలో కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో పనిచేసి నీళ్లు చాలక శరీరం ఎండిపోయినప్పుడు ఈ మాత్రలు కిడ్నీకి మరింత చేటు. అక్కడివారు కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోకుండా వీటిని మొదలుపెట్టకూడదు. ఒకటి రెండు కీళ్లకే నొప్పి ఉన్నవారికి డైక్లోఫెనాక్ జెల్ పైపూతగా వాడటం మాత్రల కంటే చాలా తక్కువ ప్రమాదం.

స్టెరాయిడ్లు: అన్నిటికంటే ఎక్కువగా పొరబడే చోటు

ప్రెడ్నిసోలోన్ లాంటి మాత్ర వేసుకున్న మర్నాటికే పిడికిలి బిగుస్తుంది. మంచం మీదున్న మనిషి లేచి వంట చేసుకుంటుంది. అంత త్వరగా పనిచేస్తుంది కాబట్టే అంతమంది దీని వలలో పడతారు. తీవ్రమైన వాపుతో, స్నాయువులు ఉబ్బి చేయి కదలని స్థితిలో, తక్కువ మోతాదులో కొద్ది రోజులు ఇచ్చి, మెల్లగా తగ్గిస్తూ ఆపేయడం సరైన పద్ధతే. మెథోట్రెక్సేట్ లాంటి నెమ్మదిగా పనిచేసే మందు ప్రభావం మొదలయ్యేదాకా వంతెనలా వాడటమూ సరైనదే. జ్వరం ఉన్న తొలి వారాల్లో మాత్రం వాడకూడదు.

తేడా వచ్చేది ఎక్కడంటే, తాను వేసుకుంటున్నది స్టెరాయిడ్ అని రోగికి తెలియనప్పుడు. పేరు లేని కాగితప్పొట్లంలో మూడు నాలుగు రంగుల మాత్రలు విడివిడిగా చుట్టి ఇస్తారు. వాటిలో చిన్నగా, తెల్లగా ఉండే మాత్ర తరచుగా డెక్సామెథసోనో, ప్రెడ్నిసోలోనో అయి ఉంటుంది. కొందరికి నెలకో సూది. మందు ఆపిన మర్నాడే నొప్పి రెండింతలై తిరిగొస్తుంది, మళ్లీ ఆ పొట్లం ఇచ్చినవారి దగ్గరికే వెళ్తారు. నెలలు గడిచేసరికి ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, షుగరు అదుపు తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అన్నాళ్లు వాడినవారు ఉన్నట్టుండి ఆపడం ప్రాణం మీదకు తేవచ్చు, ఎందుకంటే శరీరం సొంతంగా స్టెరాయిడ్ హార్మోన్ తయారుచేయడం మానేసి ఉంటుంది. అందుకే పొట్లం మాత్రలు వాడుతున్నవారు భయపడి పారేయకుండా, వాటిని అలాగే తీసుకెళ్లి ఫిజీషియన్‌కు చూపించి, ఆయన చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. ఒక్క మాత్రతో అద్భుతంగా తగ్గించే పొడులు, చూర్ణాల విషయంలోనూ ఇదే అనుమానం పెట్టుకోండి.

షుగరు ఉన్నవారికి స్టెరాయిడ్ తప్పనిసరి అయితే, ఆ రోజుల్లో చక్కెర మాటిమాటికీ చూసుకునే ఏర్పాటు ముందే ఉండాలి.

హైడ్రాక్సీక్లోరోక్విన్

మలేరియా మందుల కుటుంబానికి చెందినది, ప్రమాదం తక్కువ, ధరా అందుబాటులో ఉంటుంది. అందుకే డాక్టర్లు దీన్ని విరివిగా రాస్తారు. నిజానికి దీని బలం గురించిన ఆధారాలు అంత గొప్పవి కావు. 2005-06లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో జనాభాలో దాదాపు మూడో వంతుకు చికున్‌గున్యా వచ్చింది. అక్కడ జ్వరం దశలోనే దీని దగ్గరి బంధువైన క్లోరోక్విన్ ఇచ్చి చూశారు. మేలు కనబడలేదు సరికదా, నెలల తర్వాత కీళ్ల నొప్పులున్నాయని చెప్పినవారు ఆ మందు వాడినవారిలోనే ఎక్కువ. కాబట్టి జ్వరంలో దీన్ని వేసుకోవడంలో అర్థం లేదు. మూడు నెలలు దాటాక, వాపు తేలికగా ఉన్నప్పుడు, లేదా మెథోట్రెక్సేట్ వాడకూడని పరిస్థితిలో ప్రయత్నించవచ్చు. రెండు మూడు నెలలకు తేడా కనిపించకపోతే ఇదే మందును ఏడాది పాటు సాగదీయకుండా వైద్యం మార్చమని అడగండి. ఎక్కువ కాలం వాడేవారు కంటి పరీక్ష తప్పక చేయించుకోవాలి.

మెథోట్రెక్సేట్

పేరు వింటేనే చాలామంది భయపడతారు. క్యాన్సర్ మందు అని ఎవరో చెప్పి ఉంటారు. క్యాన్సర్‌కు దీన్ని పెద్ద మోతాదులో వాడతారన్నది నిజం. కీళ్లవాతానికి వాడే మోతాదు అందులో చాలా చిన్న భాగం, దశాబ్దాలుగా లక్షల మంది వాడుతున్నారు. కోజికోడ్ వైద్యులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, దీర్ఘకాలిక చికున్‌గున్యా కీళ్లవాతం ఉన్నవారికి 24 వారాల పాటు వైద్యం చేసి పోల్చారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఒక్కటే వాడినవారి కంటే, దానితో పాటు మెథోట్రెక్సేట్, కీళ్లవాతానికే వాడే మరో మందు సల్ఫసలజీన్ కలిపి వాడినవారికి వాపూ నొప్పీ బాగా తగ్గాయి. ఎవరికి ఏ మందు ఇస్తున్నారో రోగులకూ వైద్యులకూ తెలిసిన అధ్యయనం కాబట్టి తిరుగులేని తీర్పు అనలేం. అయినా మూడు నెలలు దాటి, చేతివేళ్లు, మణికట్లు, చీలమండలు స్పష్టంగా వాచి ఉన్నవారికి స్టెరాయిడ్ల మీద బండి నడపడం కంటే ఇది ఎన్నో రెట్లు మేలని నేను నమ్ముతాను.

షరతులు మాత్రం కచ్చితమైనవి. దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణాలే పోవచ్చు. వారంలో ఏ రోజో ఒకటి ఖాయం చేసుకుని, చీటీ మీద, గోడ క్యాలెండర్ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టుకోండి. చదువురాని పెద్దవాళ్లయితే మాత్రల షీటు ఇంట్లో ఇంకొకరి దగ్గరే ఉండాలి. డాక్టరు చెప్పిన రోజున ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలి. మొదలుపెట్టే ముందు రక్తకణాలు, కాలేయం, క్రియాటినిన్, హెపటైటిస్ బి, సి పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే ఉంటాయి. తర్వాత కూడా మధ్యమధ్య రక్తపరీక్షలు తప్పవు. మందు చవకే, పరీక్షలకూ ప్రయాణాలకూ అయ్యే ఖర్చు ముందే లెక్కేసుకోవాలి. మద్యం మానలేనివారికి ఇది పనికిరాదు. నోటిపూత, జ్వరం, ఆయాసం వస్తే మందు ఆపి అదే రోజు డాక్టరును కలవాలి.

వ్యాయామం, కాపడం, నూనెలు

మందు మీద ఉన్న శ్రద్ధలో సగం కూడా దీని మీద పెట్టం. బ్రెజిల్‌లో దీర్ఘకాలిక చికున్‌గున్యా నొప్పులున్నవారితో 12 వారాల పాటు పిలాటిస్ (ఒంటిని నెమ్మదిగా సాగదీస్తూ కండరాలకు బలమిచ్చే వ్యాయామం) చేయించి చూస్తే నొప్పి తగ్గింది, పనులు చేసుకునే సామర్థ్యం పెరిగింది. బరువులతో చేసే తేలికపాటి వ్యాయామంతోనూ మంచి ఫలితమే వచ్చింది. ఇక్కడ అవే చేయాల్సిన పని లేదు. పొద్దున గోరువెచ్చని నీళ్ల బేసినులో చేతులు ముంచి, పది నిమిషాలు వేళ్లు ముడుస్తూ చాపుతూ ఉండండి. మంచం దిగక ముందే చీలమండలు గుండ్రంగా తిప్పండి. వాపు తగ్గుముఖం పట్టాక రోజూ కొంచెం పెంచుకుంటూ నడవండి. మర్నాడు నొప్పి పెరిగితే తగ్గించండి, పూర్తిగా మానకండి. నెలల తరబడి కదలకుండా ఉంటే కీలు కంటే ముందు కండరం పోతుంది.

వావిలాకు వేసి కాచిన నీళ్ల స్నానం, కాపడం, నూనె మర్దన హాయినిస్తాయి, బిగుతును సడలిస్తాయి. వాడుకోండి. కీలు వేడిగా, ఎర్రగా ఉబ్బి ఉన్నప్పుడు మాత్రం గట్టి మర్దన వద్దు, అప్పుడు చల్లని గుడ్డ మేలు. లోపలికి తీసుకునే మందుల్లో భస్మాలు కలిసినవాటిని కిడ్నీ, కాలేయం బాగాలేనివారు ముట్టుకోకూడదు.

మీ పరిస్థితికి ఏది?

*బీడీలు చుట్టేవారు, మగ్గం నేసేవారు, బట్టలు కుట్టేవారు.* నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లకు వేళ్లే జీవనాధారం. ఒక రోజు కూలి పోతుందనే భయంతో సూది వేయించుకుని కూర్చుంటారు. వారికి నా సలహా: మూడు నెలలు దాటి వాపు ఉంటే ఒక్కసారి రోజు కూలి వదులుకునైనా సరైన డాక్టరును కలవండి. నెమ్మదిగా పనిచేసే మందే మీకు ఎక్కువ పనిదినాలు మిగులుస్తుంది. అది పనిచేసే దాకా గంటకోసారి అయిదు నిమిషాలు చేతులకు విశ్రాంతి ఇవ్వండి.

*పిల్లల్ని కనాలనుకునే ఆడవాళ్లు.* మెథోట్రెక్సేట్ వద్దు. ఇప్పటికే వాడుతుంటే గర్భం గురించి ఆలోచించే ముందే డాక్టరుకు చెప్పాలి, ఆపిన తర్వాత కూడా కొన్ని నెలల వ్యవధి కావాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫసలజీన్ డాక్టరు పర్యవేక్షణలో వాడవచ్చు. గర్భిణులు, ముఖ్యంగా అయిదో నెల దాటాక, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు మానాలి.

*షుగరు, బీపీ రెండూ ఉన్న అరవై దాటిన పెద్దలు.* పారాసిటమాల్, జెల్, వ్యాయామంతో మొదలుపెట్టండి. వాపు ఉంటే కిడ్నీ, కాలేయ పరీక్షలు చూసి తక్కువ మోతాదు మెథోట్రెక్సేటో, హైడ్రాక్సీక్లోరోక్వినో డాక్టరు నిర్ణయిస్తారు. వాపు లేని మోకాలి నొప్పిని మొత్తం చికున్‌గున్యా ఖాతాలో వేయకండి, అరుగుదల కావచ్చు.

*వాపు లేకుండా ఒళ్లంతా నొప్పులు, నిద్ర పట్టకపోవడం, నీరసం.* ఇక్కడ పైన చెప్పిన వాపు మందులేవీ అక్కరకు రావు. క్రమమైన వ్యాయామం, నిద్ర సరిచేసుకోవడం, అవసరమైతే నరాల నొప్పికి వాడే ఎమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్ లాంటి మందులు పనిచేస్తాయి. పరీక్షలన్నీ మామూలుగా వచ్చాయి కాబట్టి నొప్పి లేనట్టేనని ఇంట్లోవాళ్లు అనడం అన్యాయం. ఆ నొప్పి నిజమైనదే.

*విదేశాల్లో ఉన్నవారు.* సెలవులకు ఊరికి వచ్చి జ్వరంతో తిరిగి వెళ్లినవారు, అక్కడి డాక్టరుకు తామెక్కడికి వెళ్లొచ్చారో, ఏ తేదీల్లో జ్వరం వచ్చిందో తామే చెప్పాలి. దోమ జ్వరాలు అరుదైన చోట ఆ ఆలోచన వారికి వెంటనే రాకపోవచ్చు.

ఎవరిని కలవాలి?

మూడు నెలల లోపు అయితే ఊళ్లోని ఎంబీబీఎస్ డాక్టరు, లేదా ఫిజీషియన్ చాలు. మూడు నెలలు దాటి వాపు ఉంటే రుమటాలజిస్టును, అంటే కీళ్లవాతం నిపుణుడిని కలవాలి. కీళ్లు అనగానే ఎముకల డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాం గానీ, ఇది శస్త్రచికిత్సతో తేలే జబ్బు కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది, పెద్ద పట్టణాల్లో ఇప్పుడు ఈ నిపుణులు దొరుకుతున్నారు.

అక్కడ రుమటాయిడ్ కీళ్లవాతాన్ని గుర్తించే యాంటీ-సీసీపీ రక్తపరీక్ష చేయిస్తే వద్దనకండి. చికున్‌గున్యా తర్వాతి వాపు చూడటానికి అచ్చం రుమటాయిడ్ కీళ్లవాతంలా ఉంటుంది, కొందరిలో ఈ జ్వరం తర్వాతే ఆ జబ్బు బయటపడుతుంది. అదే అయితే వైద్యం ఏళ్ల తరబడి సాగాలి. చికున్‌గున్యా ఐజీఎం పరీక్షను (వైరస్ మీద శరీరం తయారుచేసిన యాంటీబాడీలను చూసేది) మాత్రం నెలనెలా చేయించుకోకండి. అది నెలల తరబడి పాజిటివ్‌గానే ఉండవచ్చు, దాన్ని బట్టి వైరస్ ఇంకా ఒంట్లో ఉందనుకోనక్కర్లేదు. ఒకే ఒక్క కీలు వేడిగా ఉబ్బి చలిజ్వరం వచ్చినా, బరువు తగ్గిపోతున్నా, చేతిలో పట్టు ఉన్నట్టుండి పోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెళ్లాలి.

వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన మాత్రల షీట్లన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి, పొట్లాలతో సహా. ఓపీలో మీ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది, అప్పటికి వాపు సగం దిగి ఉంటుంది. అందుకని ముందు నాలుగైదు రోజులు, లేవగానే రెండు చేతులనూ పాదాలనూ ఫోనులో ఫొటో తీసి, బిగుతు ఎంతసేపు ఉందో పక్కన రాసి ఉంచుకోండి. డాక్టరు ఏ మందు ఎంచుకోవాలో తేల్చుకోవడానికి మీరు నోటితో చెప్పే వర్ణన కంటే ఆ ఫొటోలే ఎక్కువ ఉపయోగపడతాయి.